యుద్ధ కథల్లో మూస ఎలా విరుగుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మిలటరీ సైన్స్ ఫిక్షన్ రాస్తున్నవాళ్లు సందేహాలు పంపమని పోయిన నెల అడిగాం. చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒక్కటే: అందరూ రాసినట్టే కాకుండా ఎలా రాయాలి? అందుకే ఈసారి ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నా కథలో గ్రహాంతరవాసులు భూమి మీద దాడి చేస్తారు. మనవాళ్లు ప్రాణాలకు తెగించి పోరాడతారు. చివర్లో అసలు యుద్ధం మొదలుపెట్టింది మన కమాండరేనని, అవతలివాళ్లు మంచివాళ్లేనని తెలుస్తుంది. మూస బద్దలు కొట్టాననుకున్నాను కానీ మా ఫ్రెండ్స్ రెండో పేజీలోనే కనిపెట్టేశారు. ఎక్కడ తేడా కొట్టింది సార్? (డిగ్రీ విద్యార్థి, కర్నూలు)

జవాబు: మీరు చేసింది మూసను తిరగేయడం. మంచివాళ్ల కుర్చీలో చెడ్డవాళ్లను, చెడ్డవాళ్ల కుర్చీలో మంచివాళ్లను కూర్చోబెట్టారు, కుర్చీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ మలుపు ఇప్పటికే ఎన్నో కథల్లో వచ్చేసింది కాబట్టి కమాండర్ కాస్త తియ్యగా మాట్లాడితే చాలు, వీడే విలన్ అని పాఠకుడు తేల్చేస్తాడు. ఆ తర్వాత మీరు ఎంత బాగా రాసినా అతను చివరి పేజీ కోసం ఎదురుచూస్తాడే తప్ప కథలో ఉండడు.

మూస నిజంగా విరగాలంటే అది దేన్ని చూడకుండా దాటేస్తోందో పట్టుకోవాలి. ఈ జానర్‌లో అందరూ చెప్పుకునే రెండు నవలల్నే చూడండి. రాబర్ట్ హైన్‌లైన్ 'స్టార్‌షిప్ ట్రూపర్స్' 1959లో వచ్చింది. యాంత్రిక కవచాలు, కఠినమైన శిక్షణ, పురుగుల్లాంటి శత్రువులు, సైన్యంలో చేరి మనిషయ్యే కుర్రాడు, ఇవన్నీ అక్కడి నుంచే అందరికీ పాకాయి. 1974లో జో హాల్డెమన్ 'ది ఫరెవర్ వార్' వచ్చింది. హాల్డెమన్ వియత్నాంలో పనిచేసి గాయపడి వచ్చినవాడు. ఆయన కవచాల్ని తీసెయ్యలేదు, శిక్షణనీ తీసెయ్యలేదు. ఒక్క ప్రశ్న అడిగాడంతే: కాంతివేగానికి దగ్గరగా ప్రయాణించి యుద్ధానికి వెళ్లినవాడు తిరిగొచ్చేసరికి, వాడు ఎవరి కోసం పోరాడాడో వాళ్లు మిగిలి ఉంటారా? ఆ ప్రశ్నను మధ్యలో వదిలేయకుండా చివరిదాకా లాక్కెళ్లాడు కాబట్టే ఆ పుస్తకం ఇవాళ్టికీ నిలబడింది.

మీరూ అదే పని మన చేతికి అందే విషయంతో చేయొచ్చు. లెక్క వేసి చూద్దాం. కాంతివేగంలో 99 శాతం వేగంతో పోయే ఓడలో కాలం మన కాలంలో ఏడో వంతే నడుస్తుంది, అంటే ఓడలో 2 ఏళ్లు గడిస్తే భూమ్మీద 14 ఏళ్లు దాటిపోతాయి. మన సైన్యంలో సిపాయికి సర్వీసు పింఛను రావాలంటే 15 ఏళ్లు పనిచేసి ఉండాలి. మీ జవాను ఓడ దిగి రికార్డ్స్ ఆఫీసుకు వెళ్లాడనుకోండి. అక్కడి క్లర్కు ఏ గడియారం చూస్తాడు? ఓడ గడియారం ప్రకారం వీడి సర్వీసు రెండేళ్లే, పింఛను మాటే లేదు. భూమి గడియారం చూసినా 14 ఏళ్ల 2 నెలలు, ఇంకా 10 నెలలు తక్కువ. ఆ 10 నెలలు మాఫీ చేయమని అర్జీ పెట్టుకోవాలి. అర్జీ మీద సంతకం పెట్టాల్సిన ఆఫీసరు ఇంకో ఓడెక్కి వెళ్లిపోయాడు, ఆయన వచ్చేది మరో 14 ఏళ్లకు.

అక్కడితో ఆగకండి, ఇంటికి వెళ్లండి. జవాను వెళ్లేటప్పుడు వాడికీ భార్యకీ 24 ఏళ్లు. ఇప్పుడు వాడికి 26, ఆమెకు 38. వాడు వెళ్లాక పుట్టిన కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. జీతం ఓడ గడియారం ప్రకారం ఇచ్చారు, అంటే రెండేళ్ల జీతంతో ఆమె 14 ఏళ్లు ఇల్లు నడిపింది. ఎలా నడిపింది, ఎవరి దగ్గర అప్పు చేసింది, ఆ అప్పులవాడు ఇవాళ ఇంటికొచ్చి కుర్రాడిలా ఉన్న మొగుణ్ణి చూసి ఏమంటాడు? ఈ కథలో ఒక్క తుపాకీ పేలలేదు, విలన్ కూడా లేడు. అయినా మీ ఫ్రెండ్స్‌లో ఎవరూ దీని ముగింపు రెండో పేజీలో చెప్పలేరు.

మీ పాత కథను పారేయనక్కర్లేదు. కమాండర్ రహస్యాన్ని మొదటి పేరాలోనే చెప్పేయండి. యుద్ధం అబద్ధంతో మొదలైందని సైన్యంలో అందరికీ తెలుసు, తెలిసీ రేపు పొద్దున మళ్లీ డ్యూటీకి వెళ్తున్నారు. ఎందుకు వెళ్తున్నారు? అక్కడి నుంచి రాసుకుంటూ పొండి.

ప్రశ్న: యుద్ధాన్ని నడిపే కృత్రిమ మేధ మనుషుల మీద పగబట్టి అందరినీ చంపాలని నిర్ణయించుకుంటుంది, ఇదీ నా ప్లాటు. పాతదని తెలుసు. కొత్తగా ఎలా చేయాలి? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్)

జవాబు: పగ తీసేయండి. మెషీన్‌కి పగ ఉందనుకుంటే మనకు ఒకరకంగా నిశ్చింత, నేరం దాని మీదికి పోతుంది కాబట్టి. మీ వృత్తిలో రోజూ చూసేది పగ కాదు కదా, బగ్.

1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి అమెరికన్ సైనికుల బ్యారక్ మీద పడి 28 మంది చనిపోయారు. అడ్డుకోవాల్సిన పేట్రియాట్ వ్యవస్థ అక్కడే ఉంది, పనిచేస్తూనే ఉంది. అది కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. పదో వంతు బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే సున్నా-ఒకట్ల లెక్కలో, పూర్తిగా ఇమడదని మీకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని 24 బిట్ల (సున్నా-ఒకట్ల అంకెల) దగ్గర కోసేస్తే మిగిలే అతి చిన్న తేడా, ఆపకుండా 100 గంటలు నడిపేసరికి 0.34 సెకన్లయింది. అంత సమయంలో స్కడ్ అర కిలోమీటరు పైనే వెళ్లిపోతుంది. వ్యవస్థ ఆకాశంలో తప్పు చోట చూసింది, అక్కడేమీ కనబడలేదు, ఊరుకుంది.

నన్ను కదిలించేది దీని వెనకున్న కాగితాల కథ. ఇజ్రాయెల్‌వాళ్లు రెండు వారాల ముందే ఈ తేడా గమనించి చెప్పారు. ఫిబ్రవరి 16కల్లా సరిచేసిన సాఫ్ట్‌వేర్ సిద్ధమైంది. 21న అన్ని యూనిట్లకూ హెచ్చరిక వెళ్లింది: చాలాసేపు ఆపకుండా నడిపితే గురి తప్పొచ్చు అని. చాలాసేపంటే ఎన్ని గంటలో అందులో లేదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సరిపోయేది, ఒకటి రెండు నిమిషాల పని. కొత్త సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది 26న, అంటే 28 మంది పోయిన మర్నాడు.

ఆ హెచ్చరిక రాసిన మనిషిని మీ కథలో పెట్టండి. చెడ్డవాడు కాదు, సోమరి కూడా కాదు, ఎవరూ అంతసేపు నడపరులే అనుకున్నాడంతే.

రెండోవైపు నుంచి రాయాలనిపిస్తే 1983 సెప్టెంబర్ 26 అర్ధరాత్రి ఉంది. అమెరికా నుంచి క్షిపణి బయల్దేరిందని, ఆ వెంటనే మరో నాలుగు అని సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అలారం కొట్టింది. డ్యూటీలో ఉన్న స్తనిస్లావ్ పెత్రోవ్ అది యంత్రం పొరపాటేనని పైవాళ్లకు రిపోర్ట్ చేశాడు. యుద్ధమే మొదలుపెట్టేవాళ్లు ఐదు క్షిపణులతో సరిపెట్టరు కదా అన్నది ఆయన తర్కం. ఎత్తైన మేఘాల మీద పడిన ఎండను ఉపగ్రహం మంటగా చూసిందని తర్వాత తేలింది. ఆ రాత్రి లాగ్‌బుక్ సరిగ్గా నింపనందుకు తనకు చీవాట్లు పడ్డాయని ఆయనే తర్వాత చెప్పాడు. యంత్రాన్ని నమ్మనివాడికి ఆ తర్వాత ఉద్యోగం ఎలా నడుస్తుంది? దాని మీదే ఒక నవల రాయొచ్చు.

ప్రశ్న: అంతరిక్షంలో ఓడలు ఒకదాన్నొకటి తరుముకుంటూ కాల్చుకునే సీన్లు రాయకూడదంటారా? నాకవే ఇష్టం. (పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: రాయండి, కానీ విమానాల యుద్ధంలా రాయకండి. కక్ష్యలో ముందున్న ఓడను అందుకోవాలంటే దానివైపు ఇంజన్ మండించకూడదు. మండిస్తే మీరు పై కక్ష్యకు పోయి వెనకబడతారు. వేగం తగ్గించి కిందికి దిగితేనే చుట్టు చిన్నదై ముందుకు వస్తారు. 1965 జూన్‌లో జెమిని 4 వ్యోమగాములు తమ రాకెట్‌నుంచే విడిపోయిన భాగం దగ్గరికి వెళ్లబోయి, దానివైపే ఇంజన్ కొట్టి, దగ్గరవలేక, ఇంధనం తరిగిపోతుంటే మానుకున్నారు. వాళ్లు శిక్షణ పొందిన పైలట్లు. తరుముతున్నవాడు బ్రేకు వేయాలి, తప్పించుకునేవాడికి ఆ సంగతి తెలుసు, ఇద్దరికీ మధ్య గంటన్నర నిరీక్షణ. మీ తరుముడు సీనులో టెన్షన్ ఇక్కడుంది.

ఇంకోటి, పేలిన ఓడ ఎక్కడికి పోతుంది? సినిమాల్లో మాయమైపోతుంది. నిజానికి అది ముక్కలై అదే కక్ష్యలో సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది. 2007లో చైనా తన పాత ఉపగ్రహాన్నే క్షిపణితో కొడితే, రాడార్లకు చిక్కినవే 3000కు పైగా ముక్కలయ్యాయి. 2021 నవంబర్ 15న రష్యా అదే పని చేసినప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ఏడుగురూ తిరుగు ప్రయాణపు నౌకల్లోకి వెళ్లి తలదాచుకోవాల్సొచ్చింది. ఆ ఏడుగురిలో ఇద్దరు రష్యన్లే. మనమూ 2019 మార్చి 27న మన ఉపగ్రహాన్ని కొట్టాం, ముక్కలు త్వరగా కిందపడి కాలిపోవాలని తక్కువ ఎత్తులో కొట్టాం. 2023 జూలైలో చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి లేవడానికి 4 సెకన్లు ఆలస్యం చేశారు, దారిలో ఏదీ తగలకూడదని. యుద్ధం లేని రోజుల్లోనే ఇలా ఉంది. మీ కథలో మనవాళ్లు యుద్ధం గెలిచి, ఆ గెలుపు వల్లే ఇరవై ఏళ్లు భూమి వదిలి పైకి పోలేకపోతే? వాతావరణ ఉపగ్రహాలు ఒక్కొక్కటే పోతుంటాయి. తుఫాను వస్తోందో లేదో దివిసీమలో జాలరికి చెప్పేవాడుండడు. గెలిచిన కమాండర్‌కి అక్కడే సన్మానం పెట్టండి.

ప్రశ్న: బాబూ, నేను హవల్దారుగా రిటైరయ్యాను. కొన్నాళ్లు సియాచిన్‌లో చేశాను. అక్కడ శత్రువును కళ్లారా చూసింది లేదు. గుడ్డును నేలకేసి కొట్టినా పగిలేది కాదు, బంకరు వెచ్చబెట్టే కిరోసిన్ పొయ్యి, బుఖారీ, దాని మసికి ఉమ్మేస్తే నల్లగా వచ్చేది. సెలవు మీద ఇంటికొస్తే మా అమ్మాయి నన్ను చూసి వాళ్లమ్మ వెనక దాక్కుంది. ఇవన్నీ పెట్టి సైన్స్ ఫిక్షన్ రాయమని మా మనవడు పోరుతున్నాడు. నాకు సైన్సు రాదు, చదివింది పదో తరగతి. ఇది కుదిరే పనేనా? (రిటైర్డ్ హవల్దారు, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: హవల్దారు గారూ, నమస్కారం. మీ ఉత్తరం చదివాక మిగతా ఉత్తరాలకు జవాబు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. మీరు తప్పకుండా రాయాలి. మా అందరికంటే మీకే ఇది బాగా కుదురుతుంది.

ఈ జానర్‌లో బాగా అరిగిపోయిన మూస ఏమిటంటే, సైనికుణ్ణి చంపేది శత్రువే. మీరున్నచోట అలా కాదని మీకు తెలుసు. 1984 ఏప్రిల్‌లో మన సైన్యం సియాచిన్ ఎక్కింది, 2003 నవంబర్ నుంచి కాల్పుల విరమణ ఉంది, అయినా మనుషులు పోతూనే ఉన్నారు. అక్కడ రెండు వైపులా తూటాలకంటే చలి, ఎత్తు, మంచు తీసుకున్న ప్రాణాలే ఎక్కువ. 2012 ఏప్రిల్‌లో గయారీ దగ్గర హిమపాతం కింద పాకిస్తాన్ వైపు 140 మంది పోయారు. 2016 ఫిబ్రవరిలో సోనం పోస్టు మీద మంచు విరుచుకుపడి మనవాళ్లు 10 మంది పోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున ఎందరో భారతీయ సైనికులు పోరాడిన చోట కూడా అంతే. 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కొక్కడికీ జబ్బుపడి పంపినవాళ్లు 120 మంది అని అక్కడి సైన్యాధిపతి జనరల్ స్లిమ్ రాసుకున్నాడు. మలేరియా, విరేచనాలు, ఇవీ ఆ యుద్ధం. అంతరిక్ష యుద్ధాల కథల్లో మాత్రం ఎవరికీ కడుపునొప్పి రాదు.

సైన్సు సంగతి మనవడికి అప్పజెప్పండి. గురుగ్రహం చందమామ ఒకటుంది, యూరోపా. అంతా మంచు. మైనస్ 160 డిగ్రీల చలి. గురుగ్రహం దగ్గరి రేడియేషన్‌కి రక్షణ లేకుండా ఒక్క రోజు నిలబడితే ప్రాణం మీదికొస్తుంది. మీ పోస్టును తీసుకెళ్లి అక్కడ పెట్టండి. ఆక్సిజన్, డిగ్రీలు, దూరాలు అతను సరిచూస్తాడు. బుఖారీ బదులు అక్కడేముంటుంది, దాని వల్ల ఒంటికి ఏమవుతుంది, సెంట్రీ మారేటప్పుడు ఎవరు ఎవరికి ఏం చెబుతారు, సెలవు లిస్టులో పేరు రాకపోతే ఆ రాత్రి బంకర్లో ఎలా ఉంటుంది, ఇవి అతనికి ఏ పుస్తకంలోనూ దొరకవు. మీ దగ్గరున్నాయి.

ఒక్క మనవి. మీరు మాట్లాడినట్టే రాయండి. సైనికులు కథల్లో మాట్లాడే పెద్ద పెద్ద మాటలు మీరు మీ పోస్టులో ఎన్నిసార్లు విన్నారో గుర్తు తెచ్చుకోండి. శత్రువును చూపించకండి, మీరు చూడలేదు కాబట్టి. ఆఖరి పేజీ వరకు అవతలి వాలు మీద ఒక దీపం కనబడుతూ, ఆరుతూ ఉంటే చాలు. మీ అమ్మాయి దాక్కున్న సంగతిని మాత్రం మార్చకుండా ఉన్నదున్నట్టు పెట్టండి. రాసినంతవరకు మాకు పంపండి, చేతిరాతలో పంపినా ఫర్వాలేదు.

మిగతా పాఠకులకు కూడా ఇదే చెబుతున్నాను. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ తరతరాలుగా అక్కడివాళ్లు సైన్యానికి వెళ్తున్నారు. మీ ఊళ్లోనూ ఒకరిద్దరు మాజీ సైనికులుంటారు. కథ మొదలుపెట్టే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. యుద్ధం గురించి అడగొద్దు, తిండి గురించి, నిద్ర గురించి, ఉత్తరాల గురించి అడగండి.

ప్రశ్న: స్త్రీని కమాండర్‌గా పెడితే మూస పోయినట్టేనా? (పాఠకురాలు, నల్గొండ)

జవాబు: కాదండీ. మగ కమాండర్‌కి రాసిన డైలాగులే ఆమెకూ ఇస్తే పేరొక్కటే మారుతుంది. మనకు పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ ఉంది. నలగామరాజుకు మంత్రి. కోడిపందెం, మాచర్లవాళ్ల వనవాసం, కారెంపూడి యుద్ధం, అన్నిటి వెనకా ఆమె ఎత్తుగడలే అని కథ చెబుతుంది, చెప్పేది చాలావరకు బ్రహ్మనాయుడి వైపునుంచి. అదే కథ ఆమె కచేరీలో కూర్చుని రాయండి. గురజాల ఖజానాలో ఎంతుంది, ఏ దండనాయకుడు ఆమె మాట వినడు, ఏ వార్త ఆలస్యంగా చేరింది. దాన్ని ఇంకో గ్రహానికి మార్చినా బరువు తగ్గదు.

ప్రశ్న: నాది యుద్ధానికి వ్యతిరేకమైన కథ. చివర్లో కెప్టెన్ చేత ఆ మాట గట్టిగా చెప్పించాను. ఉపన్యాసంలా ఉందని మావారంటున్నారు. తీసేస్తే పాఠకులకు అర్థమవుతుందా? (టీచర్, ఖమ్మం)

జవాబు: తీసేయండి, అర్థమవుతుంది. మీ కథ గెలుపుతో ఆగిపోయింది కాబట్టి ఆ లోటు కెప్టెన్ ఉపన్యాసంతో పూడ్చాల్సొచ్చింది. గెలుపు తర్వాత రాయండి. భారతం ఎలా నడుస్తుందో మీరు క్లాసులో చెప్పే ఉంటారు. యుద్ధం 18 రోజుల్లో అయిపోతుంది. శల్యపర్వంలో దుర్యోధనుడు కూలిపోయాక ఇంకా తొమ్మిది పర్వాలున్నాయి. ఆ రాత్రే అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్లను నరికేస్తాడు. స్త్రీపర్వంలో భూరిశ్రవుడి తెగిపడిన చెయ్యిని అతని భార్య ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంది. 36 ఏళ్లయ్యాక యాదవులు తమలో తాము కొట్టుకుని పోతారు. విజయం తర్వాత సగం పర్వాలు నడిపించిన సంప్రదాయం మనది, మనమెందుకు జెండా ఎగరేసి ఆపేయాలి?

మీ కథలో శత్రు గ్రహం లొంగిపోయింది. మర్నాడు అక్కడ నీళ్ల ట్యాంకు ఎవరు నడుపుతారు? మీ కెప్టెన్‌కి ఆ డ్యూటీ వెయ్యండి. నీళ్ల కోసం లైన్లో నిలబడ్డవాళ్లు ఆయన్ని చూసి ఏం చేస్తారో రాయండి.

ప్రశ్న: కథలో నిజమైన రెజిమెంట్ పేర్లు వాడొచ్చా? (పాఠకుడు, వరంగల్)

జవాబు: వాడకపోవడమే మంచిది. ఆ పేర్ల వెనక నిజంగా మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి, వందేళ్ల తర్వాతి కల్పిత నేరాన్ని వాళ్ల పేరుకు అంటగట్టడం సబబు కాదు. సొంతంగా ఒకటి కల్పించండి, పేరుతో సరిపెట్టకండి. ఏ ఊళ్ల నుంచి వస్తారు, మెస్సులో ఏం వండుతారు, ఏ యుద్ధంలో ఓడిపోయిన సంగతి కొత్తగా చేరినవాళ్లకు చెప్పరు, ఇవి ముందే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. కథలోకి వాటిలో పదో వంతు వచ్చినా చాలు.